పద్దెనిమిది గెలల బండి

తెల్లవారుతుండగా ఏటిగట్టు మీద వెళ్ళే బండి చప్పుడు వింటే చాలు, అది ఎవరిదో, దానికి ఎన్ని అరటిగెలలు కట్టారో, అందులో కర్పూరం ఎన్నో, చక్కెరకేళి ఎన్నో మంచం దిగకుండా చెప్పేస్తాను. గొప్ప కోసం అనడం లేదు, ఆ చెవి మా వంశంలోనే ఉంది. మా నాన్న అవతలి పాయలో తెడ్డు పడిన చప్పుడు విని, ఆ పడవలో ఉన్నవాళ్ళు ఏ ఊరు పెళ్ళికి వెళ్తున్నారో, అక్కడ వాళ్ళకి పప్పులోకి నెయ్యి వేస్తారో వెయ్యరో కూడా చెప్పేవాడు. అందుచేత ఆ శుక్రవారం పొద్దున్న రేవులో సింహాద్రి ఏం చేస్తున్నాడో నేను చెబితే మీరు నమ్మాల్సిందే.

గెలలు కడుతున్నాడు.

ముప్పై అయిదేళ్ళుగా ఆ వేళకి అతను చేసే పని అదొక్కటే. ఏటి మధ్య లంకలో తాతబ్బాయిగారి తోట నుంచి పడవ వచ్చి రేవుకి తగులుతుంది. సింహాద్రి పంచె ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్ళలోకి దిగుతాడు. మార్గశిరంలో గోదావరి పైపైన వెచ్చగా ఉండి, అడుగున కాలివేళ్ళని కొరుకుతుంది. ఒక్కొక్క గెలనీ కాడ పట్టి లేపి, కుడి భుజం మీద ఆనించుకుని, నిద్రపోయిన పసిపిల్లని దింపినట్టు ఎండుటాకుల మీద దింపుతాడు. గెలకి దెబ్బ తగిలితే అప్పటికి కనబడదు. పండేటప్పుడు నల్లగా బయటపడుతుంది. అప్పుడు కొన్నవాడు తిట్టేది మోసినవాణ్ణే. ఆ తరవాత మోటారు బండి సీటు మీద అడ్డంగా కట్టిన రెండు వెదురు బొంగులకి అటొకటి, ఇటొకటి వేలాడదీస్తాడు. బరువైనవి ముందు, తేలికవి వెనక. గెలకీ గెలకీ మధ్య ఆకు మడత, కొబ్బరితాడు రెండు చుట్లు, తాడు కొస పళ్ళతో పట్టి ఒక్క లాగు. లాగీ లాగీ అతని ముందరి పన్ను ఒకటి అరిగి సగమయింది.

అలవాటుగా కట్టేది పన్నెండు గెలలు. ఆ రోజు పద్దెనిమిది. అటు తొమ్మిది, ఇటు తొమ్మిది. కట్టడం అయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. బండి కనబడలేదు. ముందు చక్రం సగం, హ్యాండిలూ తప్పిస్తే మిగతాదంతా తోటే.

సింహాద్రికి యాభై ఎనిమిదేళ్ళు. సన్నటి మనిషి. మొహంలో గుర్తు పెట్టుకోవలసింది ఏమీ లేదు. సంతలో తప్పిపోతే ఆనవాలు చెప్పడానికి సత్తెమ్మ, అంటే అతని భార్య, చాలా ఇబ్బంది పడేది. ఒక్క భుజాల గురించి చెప్పవచ్చు. కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందికి ఉండేది. మోటారు బండి రాకముందు ఇరవై ఆరేళ్ళు సైకిలుకి గెలలు కట్టి, ఆ భుజం ఆనించి తోసుకుంటూ రావులపాలెం దాకా నడిచాడు. అక్కడ చర్మం కాయకాచి, గోరుతో గీరితే చప్పుడయ్యేది. ఉత్త చేతులతో నడిచినా పక్కన సైకిలున్నట్టే కుడివైపుకి వాలి నడిచేవాడు. చుట్టాల పెళ్ళిలో ఫొటో తీస్తుంటే ఫొటోగ్రాఫరు "నిటారుగా నిలబడండి" అని మూడుసార్లు చెప్పి, విసుగెత్తి, చివరికి కెమెరానే వంచి తీశాడు. ఆ ఫొటోలో సింహాద్రి నిటారుగా ఉన్నాడు, పెళ్ళికొడుకు పడిపోతున్నాడు.

రేవు నుంచి ఏటిగట్టు మీదికి ఎక్కే ర్యాంపు నూటపది అడుగులు. ఎంత ఏటవాలంటే, ఒకసారి గట్టు మీద చెయ్యిజారిన గుమ్మడికాయ దొర్లుకుంటూ పోయి అవతలి లంకలో ఆగింది. అక్కడివాళ్ళు దాన్ని వండుకుని, బాగుందని కబురు పంపారు. ఆ ర్యాంపు దగ్గర మాకో పద్ధతి ఉంది. బరువుతో బండి ఎక్కుతుంటే అక్కడ ఎవరున్నా సరే, స్నానానికి వచ్చినవాడయినా, పడవ కోసం నిలబడ్డ పంతులుగారయినా, వెనక్కి వెళ్ళి ఒక చెయ్యి వెయ్యాలి. అడగనక్కర్లేదు. వేసినందుకు ఎవరూ దండం పెట్టనక్కర్లేదు. నేనూ వేస్తాను. డెబ్బై ఎనిమిదేళ్ళవాడి చెయ్యి పడితే బరువు తగ్గదు. అయినా వేస్తాను.

ఈమధ్య ఆ చేతులు కరువయ్యాయి. ట్రాలీ ఆటోలు వచ్చాక అవి వాటంతట అవే ఎక్కిపోతున్నాయి. రేవులో నిలబడేవాళ్ళు తగ్గిపోయారు. సింహాద్రి ర్యాంపు అడుగున బండి ఆపుకుని, ఎవరైనా వస్తారేమోనని దారి చూస్తూ కూర్చునేవాడు. అలా కూర్చునే కార్తీకంలో రెండుసార్లు రావులపాలెం యార్డుకి వేలంపాట అయిపోయాక చేరాడు. పాట అయ్యాక వచ్చిన గెలని ఎవరూ బేరం కూడా ఆడరు. అడిగినదానికి ఇచ్చి రావడమే.

రెండోసారి అలా జరిగిన మర్నాడు తాతబ్బాయిగారు సింహాద్రిని తోటకి పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడయితే నాకు ఈ కథ చెప్పడం తేలికయ్యేది.

"సింహాద్రీ, నీకూ నాకూ మధ్య మాటలెందుకు? దుర్గారావు ఆటో అరవై గెలలు ఒక్కసారే వేసుకుపోతోంది. అయినా కర్పూరం మడి గెలలు నీకుంచుదామనే నా మనసు."

"ఆయ్."

"పద్దెనిమిది గెలలు. ఒక్కటే ట్రిప్పు. ర్యాంపు దగ్గర చేతులేసేవాళ్ళ కోసం కూర్చోడాలు వద్దు. నీ బండి దానంతటది ఎక్కాలి. వచ్చే శుక్రవారం నేనే రేవుకొచ్చి చూస్తాను. ఎక్కితే మడి నీది."

"ఆయ్."

"ఎక్కకపోతే నన్ననకు మరి."

"ఎక్కుద్దండి," అన్నాడు సింహాద్రి.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే సత్తెమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా, "ఏది ఎక్కేది? ఖాళీగా ఉన్నప్పుడే మూలుగుద్ది. మొన్న నేనెక్కితే దిగమంది," అంది.

ఆ బండి మూడు చేతులు మారి అతని దగ్గరికి వచ్చిన వంద సీసీ పాత బండి. టాంకు మీద పేరు ఎప్పుడో అరిగిపోయింది. దాన్ని కొత్తపేట రోడ్డులో అబ్బులు రేకుల షెడ్డుకి తోలుకెళ్ళాడు. అబ్బులు మెకానిక్కు, నలభై ఏళ్ళవాడు. సింహాద్రిని బాబాయ్ అంటాడు. కిక్కు కొట్టి, ఆ దగ్గు విని, ఆపేశాడు.

"దీనికి పవరు కాదండి బాబాయ్, పింఛను ఇప్పించాలి."

"కొత్తది నావల్ల కాదురా. ఉన్నదానికే కాస్త బలం పట్టించు. పద్దెనిమిది గెలలతో ర్యాంపు ఎక్కాలి."

"వెనక పళ్ళచక్రం పెద్దది వేసేస్తే చాలండి. దున్నపోతులా లాగుద్ది. కానీ రోడ్డు మీద పరుగుండదు."

"పరుగు లేకపోతే పాట అందదు."

"అయితే బోరు కూడా చెయ్యాలండి," అన్నాడు అబ్బులు, కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "పెద్ద పిస్టన్ వేద్దాం. మింగే పెట్రోలు ఎక్కువయితే తన్నే తన్నూ ఎక్కువే కదండీ. కానీ ఒక మాట. పవరనేది ఎక్కణ్ణించో తెచ్చేది కాదు. దాని ఆయుష్షులోంచే తీసి ఇస్తాం."

"ఎంత తీస్తే ఎక్కుద్దో అంత తియ్యి," అన్నాడు సింహాద్రి.

నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ సింహాద్రి పాత సైకిలు బయటికి తీసి ట్రిప్పుకి ఆరు గెలల చొప్పున తోసుకుంటూ పోయి, వస్తూ వస్తూ షెడ్డు దగ్గర ఆగేవాడు. నేల మీద గోనెపట్టా పరిచి, దాని మీద ఇంజను ముక్కలు వరసగా పెట్టి ఉండేవి. పోస్టుమార్టంలా ఉందని అతనికి అనిపించిందో లేదో, ఆ వరస పక్కన గొంతుకూచుని, తన బండి లోపల ఇన్ని ఉన్నాయా అన్నట్టు ఒక్కొక్కటే చూసేవాడు. అబ్బులు బ్లాకుని అమలాపురంలో లేతు మిషను దగ్గరికి పంపించి లోపల గుండ్రం పెంచి తెప్పించాడు. గోడలు పల్చబడ్డాయి. గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "కంగారేం లేదండి," అన్నాడు. అలా అన్నప్పుడు అతను సింహాద్రి వైపు చూడలేదు. పిస్టన్ ఎక్కడో లారీ కింద పడ్డ పెద్ద బండిలోది. కార్బొరేటరు ఇంకో బండిది. దాని మూతి దీనికి పట్టకపోతే సైకిలు ట్యూబు ముక్క తొడిగి క్లిప్పు బిగించాడు. సైలెన్సరు లోపలి గొట్టం పీకేశాడు. మొత్తం మీద కొత్తగా కొన్నవి రింగులూ, గాస్కెట్టూ. మిగతావన్నీ చచ్చిన బళ్ళవే.

ఆదివారం పొద్దున్న బండి అప్పజెబుతూ అబ్బులు వేలు చూపించి చెప్పాడు. "అయిదొందల కిలోమీటర్లు ఉత్తినే తిప్పాలండి. బరువు కట్టకూడదు. ముప్పై దాటకూడదు. లోపల పిస్టనూ బ్లాకూ ఒకదానికొకటి అలవాటు పడాలి. కొత్త కాపరం లాంటిది బాబాయ్, మొదట్లోనే గట్టిగా మాట్లాడకూడదు. ఆయిల్ తాగుద్ది, చూసుకుని పోస్తూ ఉండండి."

శుక్రవారానికి అయిదు రోజులుంది. పొద్దున్న సైకిలు మీద గెలలు, మధ్యాన్నం నుంచి ఏటిగట్టు మీద ఊరేగింపు. అలా నడిచాయి అయిదు రోజులూ. ఖాళీ బండి మీద నిటారుగా కూచుని, పాతిక స్పీడులో, ర్యాంపు నుంచి లాకుల దాకా, లాకుల నుంచి ర్యాంపు దాకా. ఒక చుట్టు ఎనిమిది కిలోమీటర్లు. మీటరు పనిచెయ్యదు గనక లెక్క కోసం కుడి జేబులో చింతపిక్కలు వేసుకుని, చుట్టుకొకటి చొప్పున ఎడమ జేబులోకి మార్చేవాడు. బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు ప్రతి చుట్టుకీ లేచి నిలబడి, "సింహాద్రిగారండీ, ఊరేగింపు బాగుందండీ, దేవుణ్ణెక్కడ దింపేసేరండీ?" అని అడిగేవారు. అతను సిగ్గుపడి నవ్వేవాడు గాని స్పీడు మాత్రం పెంచేవాడు కాదు. మూడో రోజు సాయంత్రం సత్తెమ్మ చొక్కా ఉతుకుతూ, ఎడమ జేబుకి చిల్లు ఉందని చెప్పింది. ఎన్ని చుట్లు తిరిగాడో అప్పటికి ఏ దేవుడికీ తెలియదు. గట్టు పొడుగునా చింతపిక్కలు రాలి ఉన్నాయి. ఒకటి రెండు మొలిచాయి కూడాను.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. సైలెన్సరు గొట్టం పీకేసిన ఆ బండి మొదటిరోజు మా ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడు నేను మంచం మీదే ఉన్నాను. చప్పుడు విని మా ఇంటావిడతో, "పంచాయతీవాళ్ళ దోమల పొగ మిషను వచ్చింది, కిటికీలు తియ్యి," అన్నాను. ఆవిడ తీసింది. గంటసేపు కూర్చున్నాం. దోమలే వచ్చాయి. నిజం చెప్పాలంటే నా ఎడమ చెవి పనిచెయ్యడం మానేసి పదేళ్ళయింది. పనిచేసే కుడి చెవిని దిండుకి ఆనించి పడుకుంటాను. కాబట్టి చప్పుడు విని గెలలు లెక్కపెడతానన్న మాట మీరు కొట్టెయ్యవచ్చు. మా నాన్నగారి నెయ్యి సంగతి కూడా కొట్టెయ్యండి. సింహాద్రి సంగతులు నాకు తెలిసినవి చెవి వల్ల కాదు. రోజూ అతను ర్యాంపు పైన నా పక్కన రాతిపలక మీద రెండు నిమిషాలు కూచుని చెబుతుండబట్టి. మిగతావి సత్తెమ్మ తరవాత చెప్పింది.

గురువారం సందెవేళ జరిగింది అలా ఆమె చెప్పిందే. సింహాద్రి ఇంటి ముందు బండిని స్టాండు వేసి, ఆయిల్ పుల్ల తీసి చూశాడు. కొస తడిసింది, అంతే. కొత్త బోరు ఉన్నదంతా తాగేసింది. ఆయిల్ దొరికే కొట్టు కొత్తపేటలో. వెళ్తే ఆ కాస్తా తాగి దారిలోనే ఆగిపోతుందేమోనని భయం. అబ్బులు షెడ్డు గురువారం ఉండదు. సింహాద్రి కాసేపు పుల్ల వైపే చూస్తూ నిలబడి, లోపలికి వెళ్ళి గూట్లోంచి సత్తెమ్మ కొబ్బరినూనె సీసా తెచ్చాడు. ఎండుకొబ్బరి ఆరబెట్టి గానుగ ఆడించిన నూనె, చిక్కగా, వాసనతో, లీటరు పైన ఉంది.

"ఏమయ్యా, నా తలకి పొదుపుగా రాసుకుంటున్న నూనె. ఇంజనుకి జడేస్తావా?"

"ఇరవై ఆరేళ్ళు సైకిలు గొలుసు దీని మీదే నడిచింది. దాని లోపలున్నదీ గొలుసూ పళ్ళే కదే."

ఇందులో తప్పేముందో మా వాళ్ళెవరూ చెప్పలేరు. మాకు దెబ్బ తగిలితే కొబ్బరినూనె, తలుపు కిర్రుమంటే కొబ్బరినూనె, చంటిపిల్లాడు ఏడిస్తే కొబ్బరినూనె. అది పోస్తే ఇంజను కూడా ఊరుకుంటుందనే అనుకుంటాం. సింహాద్రి సీసా వంచి చివరి బొట్టు దాకా పోశాడు. ఆ తరవాత గుమ్మంలో కూచుని అరచేత్తో రొమ్ము రాసుకున్నాడు. నెల్లాళ్ళుగా అక్కడ పట్టేసినట్టు ఉంటోంది. సోడా తాగితే తగ్గుతోంది. సత్తెమ్మ డాక్టరుకి చూపించుకోమంది.

"శుక్రవారం అవనీ," అన్నాడు.

ఆ శుక్రవారం తెల్లవారేసరికి మంచు దట్టంగా పట్టింది. మా ఇంట్లో గూట్లో ఉన్న కొబ్బరినూనె సీసా బోర్లించినా రాలేదు, తెల్లగా గడ్డకట్టింది. మార్గశిరంలో ప్రతి ఇంట్లోనూ అంతే. పొయ్యి దగ్గర పెట్టుకుని కరిగించుకుంటాం. అది అందరికీ తెలిసిన సంగతి. సింహాద్రికీ తెలుసు. రోజూ తెలిసిన సంగతి ఆ ఒక్కరోజు గుర్తుకు రాలేదు.

ర్యాంపు పైన తాతబ్బాయిగారు మఫ్లరు చుట్టుకుని నిలబడ్డారు. దుర్గారావు తన ఆటో పక్కకి పెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు. ముప్పై ఏళ్ళవాడు, నెమ్మదైనవాడు. "నాకేం వద్దండీ, ఆయన్నే కట్టుకోనివ్వండి," అని రెండుసార్లు అన్నాడు తాతబ్బాయిగారితో. ఇంకా పడవవాడూ, లంకకి వెళ్ళే ఇద్దరు కూలీలూ, నేనూ. సింహాద్రి బండి ఎక్కి కూచున్నాక అతనూ కనబడలేదు, గెలల మధ్య తలకాయ తప్ప. నేను అలవాటు చొప్పున కిందికి దిగి వెనక్కి వెళ్ళబోయాను.

"బాబాయిగారూ, ఈవేళ చెయ్యెయ్యకండి."

"ఏరా, నేను వేస్తే బరువు పెరుగుద్దని భయమా?"

"అదీ ఉందండి," అని నవ్వాడు. ఆ సగం పన్ను కనబడింది. తరవాత పైకి వినబడేలా గొంతు పెంచి, "ఎవరూ వెయ్యకండి. దానంతటది ఎక్కుద్ది. అయ్యగారు చూడాలి," అన్నాడు.

కిక్కు కొట్టాడు. లేవలేదు. పదకొండోసారి లేచింది. అందరం ర్యాంపు పైకి వచ్చి పక్కలకి తప్పుకున్నాం. కొబ్బరినూనె మాడిన కమ్మటి వాసన రేవంతా కమ్మింది. ఎవరింట్లోనో అప్పాలు వేపుతున్నారనుకున్నాను. నీలం పొగ మంచులో కలిసింది. సింహాద్రి గేరు వేసి, ఒక్కసారి తల పైకెత్తి ర్యాంపు చివర చూసి, వదిలాడు.

ఎక్కింది. ఏం ఎక్కడమనుకున్నారు! వెనక చక్రం ఇసక చిమ్ముకుంటూ, గెలలు ఏనుగు చెవుల్లా ఊగుతుంటే, ఆ చచ్చిన బళ్ళ పిస్టనూ, చచ్చిన బళ్ళ కార్బొరేటరూ కలిసి బతికున్న బండిలా అరిచాయి. ఆ అరుపుకి అవతలి లంకలో కొంగలు లేచిపోయాయి. సగం దాటింది. మూడొంతులు దాటింది. పద్దెనిమిది గెలలూ ఒక్క చెయ్యి పడకుండా గట్టు మీదికి వచ్చేశాయి. సింహాద్రి ముందు చక్రం గట్టు మీద ఆనగానే మొహం తుడుచుకోలేదు, చెమట కారనిచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి తల నిటారుగా ఉండగా నేను చూసింది అప్పుడే.

తాతబ్బాయిగారు చేతి గడియారం చూసుకున్నారు. 

సింహాద్రి బండిని స్టాండు వేశాడు. తాళ్ళు ఒకసారి చేత్తో తడిమాడు. వచ్చి రాతిపలక మీద నా పక్కన కూచున్నాడు.

"బాబాయిగారూ, ఒక సోడా ఇప్పించండి."

కొట్టు పాతిక గజాల దూరంలో ఉంది. నేను నడిచేది మెల్లిగా. సోడా కొట్టించుకుని వచ్చేసరికి అతను పలక వెనకున్న కొబ్బరిచెట్టుకి ఆనుకుని గోదావరి వైపు చూస్తున్నాడు. సీసా చేతికి ఇవ్వబోయాను. పట్టుకోలేదు. రెండోసారి ఇచ్చాను. అప్పుడు దుర్గారావు వచ్చి నా చేతిలోంచి సీసా తీసుకుని, కింద పెట్టేశాడు.

సత్తెమ్మకి కబురు వెళ్ళింది. ఆమె వచ్చే లోపల ఒకరు గెలల సంగతి ఎత్తారు. ఎవరన్నారో చెప్పను, ఎవరో ఒకరు అనవలసిందే. పాటకి వేళయిపోతోంది. పద్దెనిమిది గెలలూ విప్పి దుర్గారావు ఆటోలో వేశారు. అతను ఏడుస్తూనే తోలుకుపోయాడు. పాట అందింది. పద్దెనిమిదిలో ఒక్క గెలకీ దెబ్బ లేదని యార్డులో చెప్పుకున్నారట. కర్పూరం మడి ఆ రోజు నుంచి ఆటోదే. సింహాద్రిని ఇంటి ముందు చాప మీద పడుకోబెట్టినప్పుడు సత్తెమ్మ ఆ కుడి భుజం కింద చీర మడత పెట్టింది. ఎత్తు చాల్లేదు. ఇంకో మడత పెట్టింది.

పన్నెండో రోజు అయ్యాక అబ్బులు వచ్చి బండిని ఆటోలో వేయించుకుని వెళ్ళాడు. పనికొచ్చేవి అమ్మి సత్తెమ్మకి ఏదో ఇద్దామని. ఇంజను విప్పాడు. అడుగున ఆయిల్ వడగట్టి పైకి పంపే జాలీ నిండా తెల్లగా పేరుకున్న నూనె, నెయ్యి గడ్డలా. పిస్టన్ బ్లాకులో సగం దూరంలో బిగుసుకుపోయి ఉంది. సుత్తితో కొట్టినా రాలేదు. అబ్బులు సాయంత్రం పనిగట్టుకుని ఏటిగట్టు దాకా వచ్చి, నా పక్కన పలక మీద కూచున్నాడు.

"తాతగారూ, ఆ ఇంజను ర్యాంపు మధ్యలోనే పట్టేసి ఉండాలండి. మీరేమో పై దాకా ఎక్కిందని ఊరంతా చెబుతున్నారు."

చెబుతున్నాను. మీకూ చెప్పాను. ఈ కథలో నేను కల్పించింది ఆ ఒక్కటే. గుమ్మడికాయని కల్పన అనుకోకండి, అది వట్టి అబద్ధం.

ఎక్కలేదు. డెబ్బై అడుగుల దగ్గర ఇంజను ఒక్కసారి కీచుమని బిగుసుకుపోయింది. ఆ కీచు నా మంచి చెవికి బాగానే వినబడింది. సింహాద్రి బ్రేకు వదలకుండా దిగాడు. గేరు తప్పించాడు. కుడి భుజం గెలల కిందికి దూర్చి తోశాడు. నలభై అడుగులు. మేం ఆరుగురం పైన నిలబడి ఉన్నాం. వద్దన్నాడు కదా అని నిలబడ్డాం. తాతబ్బాయిగారు చూస్తున్నారు కదా అని నిలబడ్డాం. ఆయన మధ్యలో ఒకసారి గోదావరి వైపు తిరిగారు, మేం ఎవరం కదిలినా చూడనట్టుగా. అప్పుడు నేను ఒక అడుగు ముందుకి వేశాను. సింహాద్రి తల ఎత్తి నా వైపు చూసి, వద్దని తల ఊపాడు. నేను ఆగిపోయాను. అబ్బులుకి నేను ఇదేదీ చెప్పలేదు. "ఎక్కిందిరా, నా కళ్ళతో చూశాను," అన్నాను. అతను పోనిచ్చాడు.

ర్యాంపు మీద ఇప్పటికీ ఆటోలు ఎక్కుతూనే ఉన్నాయి. పైనుంచి లెక్కపెడితే ముప్పై అడుగుల దగ్గర, తడి ఇసకలో అతని చెప్పు ఒకటి కూరుకుపోయి ఉంది. నీలం రంగు హవాయి చెప్పు, తెగిన పట్టీకి పిన్నీసు, మడమ సగానికి అరిగింది, కొస గట్టు వైపుకి తిరిగి ఉంది.